కటింగ్ ఆయిల్ ఎంత చిక్కన? మెషిన్ షాపు ప్రశ్నలు, జవాబులు

ఈ నెల ఉత్తరాల్లో ఎక్కువ భాగం కూలెంట్ మీదే వచ్చాయి, అంటే కటింగ్ ఆయిల్‌ను నీళ్లలో కలిపి, లోహం కోసేటప్పుడు టూల్ మీద పోసే ద్రవం మీద. బెంగళూరులో ఎండలు ముదిరే కొద్దీ ట్యాంకులు ఇంకిపోతాయి, ట్యాంకర్ నీళ్లు వారానికో రకం వస్తాయి. ఫిబ్రవరి చివర మొదలై తొలి వానల దాకా ఈ గొడవ తప్పదు. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను ఒకటిగా కలిపేశాం.

ప్రశ్న: సార్, మాది పీణ్య రెండో స్టేజీ. రెండు వీఎంసీలు (నిలువు మిల్లింగ్ మెషిన్లు), ఒక టర్నింగ్ సెంటర్ (లేత్ రకం మెషిన్) ఉన్నాయి. సెమీ సింథటిక్ కూలెంట్ వాడుతున్నాం. 7 నుంచి 8 శాతం ఉంచమని డబ్బా మీద ఉంది. రిఫ్రాక్టోమీటర్‌లో చూస్తే 6 కనిపిస్తోంది. తక్కువుందని మా కుర్రాళ్లు రోజూ లీటరో రెండు లీటర్లో ఆయిల్ పోస్తున్నారు. కూలెంట్ కంపెనీ ఆయన వచ్చి చూసి, 9 ఉంది, ఆపండి అన్నాడు. ఎవరి లెక్క నమ్మాలి?

జవాబు: ఆయన లెక్కే నిజం కావచ్చు. అలాగని మీ కుర్రాళ్లు తప్పు చదవలేదు. వాళ్లు చదివింది కూలెంట్ శాతం కాదు, అంతే. రిఫ్రాక్టోమీటర్ అంటే వెలుతురుకేసి పట్టుకుని చూసే ఆ గొట్టంలో ఉన్నవి చక్కెర గీతలు, వాటినే బ్రిక్స్ అంటారు. బ్రిక్స్ 6 అంటే, 100 గ్రాముల ద్రావణంలో 6 గ్రాముల చక్కెర ఉన్నప్పుడు కాంతి ఎంత వంగుతుందో మీ శాంపిల్‌లోనూ అంతే వంగిందని అర్థం. చెరకు రసానికైతే ఆ అంకెతో పని అయిపోతుంది. కూలెంట్‌కు దాన్ని ఫ్యాక్టర్‌తో, అంటే ఆ కూలెంట్‌కు తగ్గ గుణకంతో, గుణించాలి. ఆ ఫ్యాక్టర్ డబ్బా మీద అరుదుగా ఉంటుంది, డేటా షీట్‌లో ఉంటుంది. అడిగి తీసుకోండి. పాలలా తెల్లగా కలిసే సాల్యుబుల్ ఆయిల్‌కు అది 1 దగ్గర్లో, సెమీ సింథటిక్‌కు ఎక్కువగా 1.3 నుంచి 2 మధ్య, నూనె అసలు లేని సింథటిక్‌కు 2 పైన ఉంటుంది. 3 దాటేవీ ఉన్నాయి. మీ దానికి 1.5 అనుకుంటే 6ను 1.5తో గుణిస్తే 9. రోజూ పోసిన ఆయిల్ అంతా దండగ కావడమే కాదు, చేతుల దురదకూ నురగకూ మీరే దారి వేసినట్టు.

అయితే కంపెనీ ఆయన మాటను కూడా గుడ్డిగా నమ్మక్కర్లేదు. ఫ్యాక్టర్‌ను మీ నీళ్లతో మీరే తేల్చుకోవచ్చు, అరగంట పని. మెడికల్ షాపులో దొరికే 10 మి.లీ. సిరంజి, 100 మి.లీ. కొలజాడీ, ఐదు గాజు గ్లాసులు చాలు. డ్రమ్ములోని కొత్త ఆయిల్‌తో 2, 4, 6, 8, 10 శాతం ద్రావణాలు చేయండి. మొదటి గ్లాసులో 98 మి.లీ. నీళ్లు పోసి, వాటిలోకి 2 మి.లీ. ఆయిల్ వదలాలి. రెండోదాంట్లో 96 నీళ్లు, 4 ఆయిల్. మిగతావీ అదే వరస. ఆయిల్ సిరంజి గోడలకు పట్టుకుంటుంది కాబట్టి గ్లాసులోని నీళ్లనే రెండుసార్లు లోపలికి లాగి వదిలితే మొత్తం దిగుతుంది. నీళ్లు మెషిన్‌లో పోసేవే కావాలి. ఒక్కో గ్లాసు బ్రిక్స్ చూసి రాసుకోండి. ఫ్యాక్టర్ 1.5 అయితే 1.3, 2.7, 4, 5.3, 6.7 దగ్గర్లో వస్తాయి. ఆ ఐదు జతలనూ ఒక కార్డు మీద రాసి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి మెషిన్ తలుపుకు అంటించండి. అప్పుడు ఎవరూ గుణించనక్కర్లేదు. నైట్ షిఫ్టులో గుణకారం జరుగుతుందని మేం నమ్మం.

ఇక మీటర్ సంగతి. వాడే ముందు ప్రతిసారీ సున్నా చూడాలి. పెట్రోల్ బంకులో అమ్మే బ్యాటరీ నీళ్లు (డిస్టిల్డ్ వాటర్) రెండు చుక్కలు పట్టకం మీద వేసి మూత దించితే, నీలం తెలుపు కలిసే గీత సరిగ్గా 0 మీద నిలవాలి. లేకపోతే చిన్న స్క్రూ తిప్పి తెచ్చుకోవాలి. బోరు నీళ్లతో సున్నా పెడితే ఆ నీళ్లలోని ఉప్పు కూడా సున్నాలో కలిసిపోతుంది. ఉష్ణోగ్రతను సరిచేసుకునే ఏటీసీ రకం మీటర్లు మామూలుగా 10 నుంచి 30 డిగ్రీల మధ్యే నమ్మకం. కిటికీ గట్టు మీద ఎండలో వదిలేసిన మీటర్ ఆ హద్దు దాటిపోతుంది. చుక్క వేశాక అరనిమిషం ఆగి చూడండి, వేడి శాంపిల్ పట్టకం వేడికి దిగివస్తుంది. తుడవడానికి మెత్తటి టిష్యూ వాడాలి. బనియన్ వేస్టుతో తుడిస్తే అందులో చిక్కుకున్న చిప్ (కోసినప్పుడు రాలే లోహపు తునక) పట్టకాన్ని గీరేస్తుంది, ఆ తర్వాత గీత ఎప్పటికీ స్పష్టంగా కనబడదు. కొత్తగా కొనేటట్టయితే 0 నుంచి 32 బ్రిక్స్ మీటర్ వద్దు, అందులో ఒక్కో గీత 0.2. ఫ్యాక్టర్ 3 ఉన్న సింథటిక్‌లో ఒక్క గీత తేడా అంటే 0.6 శాతం. 0 నుంచి 10, లేదా 0 నుంచి 18 రకం తీసుకోండి.

శాంపిల్ ఎక్కడ పట్టారన్నది వీటన్నిటికంటే పెద్ద విషయం. ట్యాంకు పైనుంచి వేలు ముంచి తీస్తే మీరు కొలిచేది పైన తేలే స్లైడ్‌వే ఆయిల్‌ను, అంటే మెషిన్ జారే పట్టాలకు వేసే నూనెను. పంపు కనీసం పావుగంట తిరిగాక, నాజిల్ దగ్గర ధార కింద చిన్న గాజు సీసా పట్టండి. అప్పుడే నీళ్లో ఆయిలో పోసి ఉంటే ఒక గంట ఆగండి.

ప్రశ్న: రీడింగ్ చూస్తే గీతే లేదు. నీలం నుంచి తెలుపుకు మెల్లగా మారుతోంది, 5 నుంచి 8 దాకా మసకే. మీటర్ పాడైందా? (అబ్బిగెరె)

జవాబు: మీటర్ బాగానే ఉంది. బ్యాటరీ నీళ్లతో చూడండి, గీత కత్తితో కోసినట్టు కనిపిస్తుంది. మసక వచ్చిందంటే కూలెంట్‌లో ట్రాంప్ ఆయిల్ కలిసిందని లెక్క. స్లైడ్‌వేల నుంచి, హైడ్రాలిక్ నుంచి కారే నూనె అది. శాంపిల్‌ను సన్నటి గాజు సీసాలో పోసి రాత్రంతా కదపకుండా ఉంచండి. పొద్దున పైన గోధుమరంగు పొర, దాని కింద మీగడలాంటి పొర, అడుగున అసలు కూలెంట్ కనిపిస్తాయి. సిరంజికి సన్న గొట్టం తగిలించి అడుగు నుంచి తీసి కొలవండి. అప్పటికీ మసక పోకపోతే నూనె కూలెంట్‌లో పూర్తిగా చిలికిపోయిందన్నమాట. అలాంటప్పుడు మసక మధ్యలో చదివి, దాన్ని అంచనాగానే తీసుకుని, కింది ఉత్తరంలో చెప్పిన టైట్రేషన్ పరీక్ష చేయండి.

ప్రశ్న: అయ్యా, మేం జిగణిలో కాస్ట్ ఐరన్ హౌసింగులు చేస్తాం. ఫ్యాక్టర్ వేసుకునే చూస్తాం, 8 శాతం చూపిస్తుంది. అయినా సాయంత్రం చేసిన జాబ్ (మెషిన్ మీద కోసిన ముక్క) పొద్దునకల్లా తుప్పు. ఆయిల్ మార్చమంటారా?

జవాబు: ఇప్పుడే వద్దు. కాంతిని వంచేదల్లా రిఫ్రాక్టోమీటర్‌కు కూలెంటే. కలిసిపోయిన స్లైడ్‌వే ఆయిల్, నెలల తరబడి ఆవిరై మిగిలిన నీళ్ల ఉప్పు, వాష్ చేసిన సబ్బు, అన్నీ ఆ అంకెలోకి ఎక్కుతాయి. తుప్పును ఆపే అమైన్లు మాత్రం ఒకపక్క తరిగిపోతూ ఉంటాయి. పాత ట్యాంకులో 8 చూపిస్తే అసలు పనిచేసే భాగం 5 ఉండొచ్చు. దీన్ని పట్టుకోవడానికి టైట్రేషన్ ఉంది. క్షారాన్ని ఆమ్లంతో లెక్కించడమే, స్కూలు ల్యాబులో చేసినదే.

కావలసినవి 0.1 నార్మల్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం, బ్రోమోక్రెసాల్ గ్రీన్ ఇండికేటర్, బ్యూరెట్ లేదా చుక్కల సీసా. మొదట కొత్త ఆయిల్‌తో సరిగ్గా 8 శాతం ద్రావణం చేసి, అందులో 10 మి.లీ. తీసుకుని, 50 మి.లీ. బ్యాటరీ నీళ్లు కలపండి. పాలరంగులో ఇండికేటర్ రంగు తేలడానికే ఆ నీళ్లు. నాలుగు చుక్కల ఇండికేటర్ వేస్తే నీలంగా ఉంటుంది. ఆమ్లం చుక్క చుక్కగా వదులుతూ తిప్పండి. నీలం ఆకుపచ్చలోకి దిగి, పసుపు తిరిగిన చోట ఆపి, ఎన్ని మి.లీ. పట్టిందో రాయండి. ఉదాహరణకు 6 మి.లీ. అనుకుందాం. తర్వాత ట్యాంకు శాంపిల్ 10 మి.లీ.తో అదే పని. ఈసారి 4 మి.లీ.కే రంగు మారితే ఉన్నది 8లో మూడింట రెండు వంతులు, అంటే సుమారు 5.3 శాతం. కంపెనీలు ఇచ్చే చుక్కల కిట్‌లో లెక్కంతా ఇదే, చుక్కకు ఇంత శాతమని ముందే రాసి ఉంటుంది. చేతికి గ్లౌజు, కంటికి అద్దాలు ఉండాలి.

ఈ పరీక్షకూ ఒక బలహీనత ఉంది. ట్యాంకులో ఎవరైనా సోడాయో కాస్టిక్కో వేసి ఉంటే క్షారం పెరిగి, లేని కూలెంట్‌ను ఉన్నట్టు చూపిస్తుంది. అందుకే రెండు అంకెలనూ పక్కపక్కన చూడాలి. రెండూ దగ్గరగా ఉంటే కూలెంట్ ఆరోగ్యంగా ఉంది. రిఫ్రాక్టోమీటర్ ఎక్కువ, టైట్రేషన్ తక్కువ అయితే నూనె, ఉప్పు పేరుకున్నాయి, లేదా బ్యాక్టీరియా ఆమ్లం అమైన్లను తినేస్తోంది. మీ విషయంలో ఇదే జరిగి ఉంటుందని మా అనుమానం. మరి ఆయిల్‌ను ఆమ్లంతో విరగ్గొట్టి పైన తేలిన పొర కొలిచే పద్ధతి సంగతేమిటని ఇద్దరు అడిగారు. సాల్యుబుల్ ఆయిల్‌కు అది మంచిదే. కానీ పైకి తేలే పొరలో ట్రాంప్ ఆయిల్ కూడా ఉంటుంది, సింథటిక్‌లో తేలడానికి నూనే ఉండదు. మీకు టైట్రేషనే మేలు.

తుప్పు పరీక్ష షాపులోనే చేయొచ్చు. జర్మన్ ప్రమాణం డిన్ 51360 రెండో భాగంలో ఉన్నదే. గుండ్రటి ఫిల్టర్ పేపర్‌ను మూత ఉన్న గాజు పళ్లెంలో పరిచి, పొడిగా మిల్ చేసిన, నూనె తగలని గ్రే కాస్ట్ ఐరన్ చిప్స్ 2 గ్రాములు దాని మీద చల్లి, 2 మి.లీ. కూలెంట్ పోసి, మూసి, రెండు గంటలు ఉంచాలి. తర్వాత చిప్స్ కడిగేసి కాగితం చూస్తే తుప్పు మచ్చలు చుక్కలుగా అచ్చు పడి ఉంటాయి. మీ నీళ్లతో 3, 4, 5, 6 శాతం కలిపి నాలుగు పళ్లేలు పెట్టండి. మచ్చ లేని అతి తక్కువ శాతం ఎంతో తేలుతుంది. దానికి ఇంకో ఒకటిన్నర, రెండు శాతం కలిపి నడపండి. అయిదో పళ్లెంలో ట్యాంకు శాంపిల్ పెడితే నేరం ఎవరిదో అక్కడే తెలుస్తుంది.

కొత్త 6 శాతానికి మచ్చ రాకుండా, ట్యాంకు శాంపిల్‌కు వస్తే ట్యాంకు ఖాళీ చేసి కడగాల్సిందే. ఇంకా ఆయిల్ పోస్తే డబ్బు నీళ్లపాలు. ట్యాంకు శాంపిల్‌కూ మచ్చ రాకపోతే తప్పు కూలెంట్‌ది కాదు. తడి జాబ్‌లను ఒకదాని మీద ఒకటి పేర్చడం, మధ్యలో న్యూస్ పేపర్ వేయడం, చెమట చేతులతో పట్టుకోవడం, ఇవి చూడండి.

ప్రశ్న: లెవెల్ తగ్గితే మా ఆపరేటర్లు పైపు పెట్టి నీళ్లు నింపేస్తారు. ఆవిరైంది నీళ్లే కదా, నీళ్లే పోస్తే తప్పేమిటని వాదన. నిజమేనా అన్నా? (బొమ్మసంద్ర)

జవాబు: సగం నిజం. 200 లీటర్ల ట్యాంకు, 8 శాతం, అంటే లోపల 16 లీటర్ల ఆయిల్. రెండు రోజుల్లో 20 లీటర్లు తగ్గిందనుకోండి. అందులో 14 ఆవిరైంది, 6 లీటర్లు చిప్స్‌కూ జాబ్‌లకూ అంటుకుని బయటికి పోయింది. ఆవిరి ఒట్టి నీళ్లే తీసుకుపోతుంది. చిప్స్ మాత్రం 8 శాతం కూలెంట్‌నే మోసుకుపోతాయి, దానితో 0.48 లీటరు ఆయిల్ పోయింది. మిగిలింది 180 లీటర్లలో 15.52, అంటే 8.6 శాతం. మళ్లీ 200, 8 శాతానికి తేవాలంటే 20 లీటర్ల నీళ్లలో 0.48 లీటరు ఉండాలి, దాదాపు 2.4 శాతం. అందుకే రోజూ పోసేది 2 నుంచి 3 శాతం ద్రావణంగా ఉండాలంటారు. ఒట్టి నీళ్లే పోస్తూ పోతే వారానికి అరశాతానికి పైగా జారిపోయి, నెల తిరిగేసరికి తుప్పు దగ్గర తేలతారు.

చిప్స్ ఎక్కువగా వచ్చే టర్నింగ్ సెంటర్‌కు 3 దాటొచ్చు, గ్రైండింగ్‌కు తక్కువ చాలు. మీ షాపుకు ఎంతో ట్యాంకే చెబుతుంది. వారం తర్వాత రీడింగ్ పెరుగుతుంటే అర శాతం తగ్గించండి, తగ్గుతుంటే పెంచండి.

ట్యాంకు నిజంగా ఎన్ని లీటర్లో కొలవడం మరిచిపోకండి. పొడవు, వెడల్పు, కూలెంట్ లోతు సెంటీమీటర్లలో గుణించి 1000తో భాగించడమే. 120, 70, 20 అయితే 168 లీటర్లు. అడుగున నాలుగు వేళ్ల మందం చిప్స్ ఉంటే లోతులోంచి ఆ మందం తీసేయండి. మాన్యువల్‌లో రాసిన కెపాసిటీ ఖాళీ ట్యాంకుది.

బాగా దిగజారిన ట్యాంకును ఎలా లేపాలో ఇంకొకరు అడిగారు. 160 లీటర్లు 5 శాతం ఉంటే లోపల 8 లీటర్ల ఆయిల్ ఉంది. 200 లీటర్లు 8 శాతం కావాలంటే 16 కావాలి. తక్కువైన 8 లీటర్లను 32 లీటర్ల నీళ్లలో కలిపి 40 లీటర్లుగా పోయండి. పంపు తిప్పుతూ, గంటలో మెల్లగా. డ్రమ్ము ఆయిల్‌ను నేరుగా ట్యాంకులోకి ఒంపితే అది అడుగుకు జారి చిప్స్ మధ్య జిగురులా కూర్చుంటుంది.

ప్రశ్న: ముందు నీళ్లా, ముందు ఆయిలా?

జవాబు: ముందు నీళ్లు. ఎప్పుడూ నీళ్లే. బక్కెట్లో నీళ్లు తిప్పుతూ ఆయిల్‌ను సన్నధారగా వదలాలి. ఆయిల్ మీద నీళ్లు పోస్తే నూనెలో నీళ్లు చిక్కుకుని వెన్నలాంటి ముద్ద తయారవుతుంది. ఎంత చిలికినా మళ్లీ పాలు కాదు, విరిగిన పాల మాదిరి తరకలు తేలుతుంది. 20 లీటర్ల బక్కెట్‌కు 2.5 శాతం అంటే 19.5 లీటర్ల నీళ్లు, అర లీటరు ఆయిల్. నాలుగైదు మెషిన్లు దాటితే నీటి ఒత్తిడితో ఆయిల్‌ను పీల్చుకునే మిక్సర్ డ్రమ్ముకు బిగించుకోండి. దాన్నీ నమ్మి వదిలేయకూడదు, నీటి ఒత్తిడి మారితే శాతం మారుతుంది. నెలకోసారి దాని మూతి దగ్గర బ్రిక్స్ చూడాలి. ఆయిల్ డ్రమ్మును వానలో నిలబెట్టకండి. పై మూత మీద నిలిచిన నీళ్లు రాత్రి చలికి డ్రమ్ము ముడుచుకున్నప్పుడు లోపలికి పీల్చుకుంటాయి.

ప్రశ్న: సోమవారం పొద్దున షట్టర్ తీస్తే కుళ్లిన కోడిగుడ్ల కంపు. ఫినాయిల్ పోస్తే రెండు రోజులు ఆగుతుంది. బ్లీచింగ్ పౌడర్ వేయమని పక్క షాపు వాళ్లు అంటున్నారు. (కామాక్షిపాళ్య)

జవాబు: రెండూ వద్దు. ఆదివారం పంపు ఆగగానే స్లైడ్‌వే ఆయిల్ పైకి తేలి ట్యాంకుకు మూత వేస్తుంది. గాలి అందదు. గాలి లేకుండా బతికే బ్యాక్టీరియా నీళ్లలోని సల్ఫేట్‌ను తిని హైడ్రోజన్ సల్ఫైడ్ వదులుతుంది. ఆ కంపు దానిదే. ఫినాయిల్ కంపు మీద ఇంకో కంపు కప్పుతుంది, దానికి తోడు కూలెంట్‌ను విరగ్గొడుతుంది. బ్లీచింగ్ పౌడర్‌లోని క్లోరిన్ చివరికి క్లోరైడ్‌గా మిగిలి తుప్పు పెంచుతుంది, దాని సున్నం నీళ్ల కఠినత పెంచుతుంది. పీహెచ్ లేపడానికి కాస్టిక్ వేయడం అంతకంటే చెడ్డది, చేతులు కాలతాయి, అల్యూమినియం జాబ్‌లు నల్లబడతాయి.

ముందు పీహెచ్ చూడండి. 8.8 నుంచి 9.4 మధ్య ఉంటే మంచిది. 8.5 కిందికి దిగితే బ్యాక్టీరియా పైచేయి అయినట్టు. 8 దాటి కిందికి వస్తే ట్యాంకును కాపాడటానికి ఖర్చు పెట్టకండి, మార్చేయండి. రంగు పట్టీలు రోజువారీ చూపుకు చాలు. మీటర్ వాడేటట్టయితే 7, 10 బఫర్లతో సరిచూడాలి, ఎలక్ట్రోడ్‌కు పట్టిన నూనెను పలచటి సబ్బునీళ్లతో కడగాలి. బ్యాక్టీరియా ఎంతుందో తెలియాలంటే డిప్ స్లైడ్ (బ్యాక్టీరియా పెరిగే పొర ఉన్న పట్టీ) ముంచి, 30 డిగ్రీల దగ్గర ఒకటి రెండు రోజులు ఉంచి, చుక్కలను చార్టుతో పోల్చాలి. మిల్లీలీటరుకు 10,000 లోపు ఫరవాలేదు. లక్ష దగ్గర మేలుకోవాలి. పది లక్షలైతే ఆలస్యమైంది.

పీహెచ్ 8.5 పైనే ఉంటే ఇలా చేయండి. శనివారం రాత్రి స్కిమ్మర్ (పైన తేలిన నూనెను లాగేసేది) ఆన్ చేసి వెళ్లండి. నూనె తేలేది నిలిచిన నీళ్లలోనే కాబట్టి పని గంటల్లో స్కిమ్మర్ తిప్పి ఉపయోగం తక్కువ. ఆదివారం చేపల తొట్టె పంపు ఒకటి ట్యాంకులో గాలి బుడగలు వదిలితే గాలి లేని బ్యాక్టీరియాకు చోటుండదు. స్కిమ్మర్, గాలి పంపు ఒకేసారి వద్దు, బుడగలు నూనెను మళ్లీ చిలుకుతాయి. శనివారం రాత్రి టైమర్ పెట్టి స్కిమ్మర్‌ను, అది ఆగాక పంపును నడపండి. శాతాన్ని పై హద్దుకు తెండి. బయోసైడ్ (బ్యాక్టీరియాను చంపే మందు) వేయాల్సి వస్తే మొత్తం కూలెంట్ లీటర్లు లెక్కించి, సరఫరాదారు చెప్పిన పూర్తి మోతాదే వేయాలి. భయపడి సగం వేస్తే బలహీనమైనవి చచ్చి, మొండివి మిగులుతాయి.

మార్చాల్సి వచ్చినప్పుడు పాతది తోడేసి కొత్తది పోయడం సరిపోదు. ట్యాంకు పైపుల్లో మిగిలిన లీటరే కొత్తదానికి తోడు పెరుగు. పాత కూలెంట్ ఉండగానే సిస్టమ్ క్లీనర్‌ను దాని డేటా షీట్ ప్రకారం, మామూలుగా 1 నుంచి 2 శాతం, కలిపి ఒక షిఫ్టు అంతా తిప్పండి, మెషిన్ నడుస్తూనే ఉండొచ్చు. తర్వాత తోడేసి, చిప్ కన్వేయర్ కింద, టెలిస్కోపిక్ కవర్ల వెనక పేరుకున్న బురదను చేత్తో గీకి తీయాలి. ఈ మెట్టునే అందరూ ఎగ్గొడతారు, అందుకే మూడో వారానికి కంపు తిరిగొస్తుంది. ఆ పైన 1 శాతం కొత్త కూలెంట్‌తో అరగంట తిప్పి పారబోసి, అప్పుడు అసలు ఫిల్లింగ్.

ఇంకో మాట. టీ కప్పు కడిగిన నీళ్లు, పాన్ ఉమ్ములు, తుడిచిన నేల నీళ్లు ట్యాంకులోకి పోతున్నాయేమో చూడండి. ఇది ఏ డేటా షీట్‌లోనూ ఉండదు.

ప్రశ్న: మాకు కావేరీ కుళాయి కనెక్షన్ లేదు, ట్యాంకర్ నీళ్లే. తాగడానికి పనికొచ్చే నీళ్లని చెబుతున్నాడు. కూలెంట్‌కు సరిపోతాయా? పోయిన నెల పూర్తిగా ఆర్‌ఓ నీళ్లకు మారితే నురగ పొంగి నేల మీదికి వచ్చింది. (దాబస్‌పేట)

జవాబు: తాగడానికి పనికొచ్చేవన్నీ మెషిన్‌కు పనికిరావు. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం మొత్తం కఠినత లీటరుకు 200 మి.గ్రా. దాకా ఉండాలి, వేరే నీళ్లు లేనప్పుడు 600 దాకా ఒప్పుకుంటారు. కూలెంట్‌కు 100 నుంచి 200 మధ్య హాయి. 400 దాటితే కాల్షియం, నూనెను నీళ్లలో కలిపి ఉంచే ఎమల్సిఫైయర్లతో చేరి సబ్బు తెట్టులా కడుతుంది, కూలెంట్ విరుగుతుంది, ఫిల్టర్ పూడుకుపోతుంది. టీడీఎస్ మీటర్ చూపేది కఠినత కాదు, అది అన్ని ఉప్పులనూ కలిపి చెబుతుంది. కఠినత పట్టీయో ఈడీటీఏ చుక్కల కిట్టో వాడండి. ట్యాంకర్ మారిన ప్రతిసారీ చూడాలి, ఒకే పేరుతో వచ్చే ట్యాంకర్లు వేరువేరు బోర్ల దగ్గర నింపుకుంటాయి. బోరు నీళ్లలో క్లోరైడ్ 100 దాటితే, శాతం సరిగ్గా ఉన్నా తుప్పు భయం ఉంది.

మొదటి రోజు 250 ఉన్న నీళ్లు పోసినా మూడు నెలలకు ట్యాంకులో 250 ఉండదు. ఆవిరి నీళ్లనే తీసుకుపోతుంది, సున్నం మిగులుతుంది, మళ్లీ 250 వచ్చి చేరుతుంది. ట్యాంకు నిండా నీళ్లు రెండుసార్లు ఆవిరై, రెండుసార్లు నిండితే, బయటికి పోయింది తీసేసినా, కఠినత రెండు మూడింతలవుతుంది.

ఇక మీ నురగ. కఠినత 50 కింద ఉన్న మెత్తటి నీళ్లలో కొత్త కూలెంట్ సబ్బులా పొంగుతుంది. అందుకే మొదటి ఫిల్లింగ్‌ను ట్యాంకర్, ఆర్‌ఓ కలిపి 100, 150 కఠినత దగ్గర చేయండి. రోజువారీ పోసేది ఆర్‌ఓతో. ట్యాంకర్ నీళ్లు 400 ఉంటే ఒక పాలు అవి, రెండు పాళ్లు ఆర్‌ఓ అయితే 130 దగ్గరికి వస్తుంది. ఇప్పటికే పొంగుతున్న ట్యాంకులో కొన్ని బక్కెట్ల కఠిన నీళ్లతో 2.5 శాతం కలిపి పోస్తే రెండు మూడు రోజుల్లో తగ్గుతుంది. అప్పటికీ పొంగితే లెవెల్ తగ్గి పంపు గాలి పీలుస్తోందా, శాతం 10 దాటిందా చూడండి. నురగ ఆపే మందు చివరి మాట, ఎక్కువైతే ఫిల్టర్‌లో చిక్కుకుని పనిచేయడం మానేస్తుంది.

ప్రశ్న: ఇన్‌స్పెక్షన్‌లో పనిచేస్తాను. తడి జాబ్‌లు పట్టుకుని వేళ్ల సందుల్లో పగుళ్లు, దురద. కూలెంట్ పడట్లేదా అండీ?

జవాబు: అమ్మా, ముందు డాక్టరుకు చూపించండి, కూలెంట్ సేఫ్టీ షీట్ కూడా తీసుకెళ్లండి. షాపులో చేయాల్సింది వేరు. శాతం 10 దాటిందేమో, పీహెచ్ 9.5 దాటిందేమో చూడమనండి. ఈ రెండూ చర్మం మీది సహజమైన జిడ్డును లాగేస్తాయి. బనియన్ వేస్టులోని సన్నటి చిప్స్ చర్మాన్ని గీరితే కూలెంట్ అక్కడే దూరుతుంది. కిరసనాయిలుతోనో తిన్నర్‌తోనో చేతులు కడగడం మానండి. నైట్రైల్ గ్లౌజులు వేసుకోండి, తిరిగే స్పిండిల్ దగ్గర మాత్రం ఎవరూ గ్లౌజులు వేయకూడదు. తుప్పు ఆగాలని ఎవరైనా ట్యాంకులో సోడియం నైట్రైట్ వేస్తుంటే ఆపించండి. కూలెంట్‌లోని కొన్ని అమైన్లతో కలిసి క్యాన్సర్ కలిగించగల నైట్రోసమైన్లు తయారవుతాయి.

ప్రశ్న: తోడేసిన పాత కూలెంట్ 400 లీటర్లు ఉంది. కాలువలో వదలొచ్చా?

జవాబు: వదలకూడదు. ప్రమాదకర వ్యర్థాల నియమాలు, 2016 కింద నూనె కలిసిన వ్యర్థం జాబితాలో ఉంది. కర్ణాటక కాలుష్య నియంత్రణ మండలి అనుమతి ఉన్న వాళ్లకే ఇవ్వాలి. మూత, లేబుల్ ఉన్న డ్రమ్ముల్లో, చుట్టూ గట్టు కట్టిన నేల మీద, 90 రోజులకు మించకుండా ఉంచుకోవచ్చు. ఇచ్చేటప్పుడు ఫారం 10 మ్యానిఫెస్ట్ నింపి మీ కాపీ దాచుకోండి. స్కిమ్మర్ తీసిన నూనెను ఈ డ్రమ్ముల్లో కలపకుండా విడిగా ఉంచితే దాన్ని రీసైక్లింగ్‌కు ఇవ్వొచ్చు.